నీళ్ళు పోసుకున్న కబురు

కొర్లపర్రులో మంగాచారి గారిని ప్రశ్న అడగాలంటే కాస్త ఒళ్ళు వంగాలి. ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆత్మ ఎక్కడుంటుందని అడిగిన కోటయ్య చేత మూడు రోజులు మఠం మీద పెంకులు సర్దించారు. కోటయ్యకు ఆత్మ కనపడిందో లేదో తెలియదు గానీ మఠం కారడం మానేసింది. ఆయన ఒకప్పుడు వడ్రంగి. ఇప్పుడు కాలవ పక్కన ఆ రెండు గదుల మఠంలో అమావాస్యకూ పున్నానికీ తత్వాలు పాడించి, చివర్లో అటుకులు పెడతారు. శిష్యులు ముప్పై మంది. అటుకులు లేని రోజున పన్నెండు మంది.

ఆ పన్నెండు మందిలో సీతారత్నం టీచరు ఒకరు. బళ్ళో ఒకటో తరగతి ఆవిడది. ఊళ్ళో మిగతావాళ్ళు కబుర్లు చెబుతారు, ఆవిడ సమాచారం ఇస్తుంది. ఒక మాట కలపదు, ఒక మాట మింగదు. అందుకే ఊరికి ఆవిడ నోటి మీద అంత గురి. జ్యేష్ఠమాసం అమావాస్యనాడు, ఆదివారం సాయంత్రం, ఆవిడ నలుగురిలోనూ గురువుగారిని అడిగింది.

"విన్నది విన్నట్టు చెప్పడం కూడా తప్పేనా గురువుగారూ? ఈ సత్తియ్య నన్ను తప్పు పడుతున్నాడు. నేను ఒక్క అక్షరం కలిపానేమో అడగండి."

సత్తియ్య చాకలి, ముసలివాడు. అందరి బట్టల మరకలూ చూసినవాడు కాబట్టి తక్కువ మాట్లాడతాడు. తలవంచుకుని కూర్చున్నాడు. గురువుగారు ఏం జరిగిందో చెప్పమన్నారు. టీచరు చెప్పింది. అప్పటికి ఆ సంగతి తెలియనివాళ్ళు ఊళ్ళో ఇద్దరే మిగిలారు. ఒకరు గురువుగారు, రెండోవారు ఆ సంగతి ఎవరి గురించో ఆ మనిషి.

రైల్వే గేటు దగ్గర పనిచేసే పెంచలయ్య రాజంపేట వైపు మనిషి. బదిలీ మీద వచ్చి అయిదు నెలలయింది. అయిదు నెలలూ గేటు గదిలోనే వండుకుతింటూ, ఒక్క రోజు కూడా సెలవివ్వలేదని, ఇంటి మొహం చూడలేదని, గేటు దగ్గర ఆగిన ప్రతి సైకిలుకూ చెప్పుకునేవాడు. బళ్ళు తెరిచే రోజులకు తులశమ్మ గారి ఇంటి వెనక వాటా అద్దెకు తీసుకుని, భార్య ఈశ్వరమ్మనూ అయిదేళ్ళ కూతురు సుగుణనూ రప్పించాడు. ఒక ట్రంకు పెట్టె, రెండు బిందెలు, మడత మంచం, కొత్త పలక. వాళ్ళ సామాను దిగడానికి పట్టిన సమయం కంటే ఊరు దాన్ని చూడడానికి పట్టిన సమయం ఎక్కువ. ఈశ్వరమ్మ మాట యాస వినడానికి పక్కింటివాళ్ళు ఉప్పు అప్పు అడిగి వెళ్ళేవారు. ఆ పిల్ల పేరు బళ్ళో వేసింది సీతారత్నం టీచరే.

పిల్ల రోజూ ఆలస్యంగా వచ్చేది. వాళ్ళు వచ్చి పన్నెండు రోజులైన సోమవారంనాడు ఎందుకు ఆలస్యమని టీచరు అడిగితే సుగుణ చేతులు కట్టుకుని, "మాయమ్మ నీళ్ళు పోసుకునింది టీచరమ్మా, అందుకే" అంది.

కొర్లపర్రులో నీళ్ళోసుకోవడం అంటే ఒకటే అర్థం, కడుపుతో ఉందని. టీచరు నిజంగా సంతోషించింది. పొద్దున్నే వేవిళ్ళయితే పిల్లకు జడ వేసేదెవరు, ఆలస్యం కాకేం చేస్తుందని జాలి కూడా పడింది. ఆ సంతోషాన్నీ జాలినీ ఇంటర్వెల్లో తోటి టీచర్లకూ, మధ్యాహ్నం భోజనం వండే ఆవిడకూ, సాయంత్రం తులశమ్మ గారికీ చెప్పింది. మూడో నెల దాటేదాకా ఆ మాట పైకి అనకూడదు కాబట్టి ఎవరూ ఈశ్వరమ్మతో అనలేదు. మిగిలిన అందరితోనూ అన్నారు.

మంగళవారం తులశమ్మ గారు పుల్ల మామిడికాయ ముక్కలు, ఉప్పూకారం చల్లి పంపించింది. కొత్తగా వచ్చినవాళ్ళకు పెట్టడం ఇక్కడి పద్ధతి కాబోలనుకుని ఈశ్వరమ్మ ఒక్క ముక్క మిగల్చకుండా తింది. ఇక సందేహం లేదు. బుధవారం ఎవరో వేళ్ళు మడిచారు. కాపురానికొచ్చిన పన్నెండో రోజుకే వేవిళ్ళు, మొగుడికి అయిదు నెలలుగా సెలవు లేదు. ఆ తరవాత ఎవరూ మామిడికాయ పంపలేదు. గురువారం పొద్దున పాల వెంకన్న గేటు దగ్గర సైకిలాపి, "సెలవు దొరకలేదంటివి గదయ్యా పెంచలయ్యా, మరి శుభవార్త ఎట్టా దొరికింది?" అన్నాడు. పెంచలయ్య అదేమిటని తులశమ్మ గారి మొగుణ్ణి అడిగితే పెద్దమనిషి కాబట్టి ఆయన తల తిప్పుకున్నాడు. పెంచలయ్య ఆ రోజు నుంచి గేటు గదిలోనే పడుకుంటున్నాడు. భార్యను ఏమీ అడగలేదు. పిల్లను బడికి పంపొద్దని, సోమవారం మీ అన్న వచ్చి తీసుకుపోతాడని మాత్రం చెప్పాడు.

ఇదంతా చెప్పి టీచరు, "ఇందులో నేను కల్పించింది ఏముంది? ఆ పిల్ల నోటితో అన్నమాటే నేనన్నాను" అంది.

గురువుగారు అటుకుల గిన్నె మీద మూత పెట్టారు.

"ఆ పిల్ల బడికి రావడం లేదంటున్నావు. రానిపిల్లను పిలుచుకురావడం నీ ఉద్యోగం గదమ్మా. రేపు పిలుచుకురా."

జవాబు ఇది కాదని టీచరుకు కొంచెం కోపం వచ్చింది. అయినా సోమవారం బడి గంటకు ముందే వెళ్ళింది. తులశమ్మ గారి ఇంటి పక్క సందులోంచి పోతే వెనక వాటా. గుమ్మంలో ట్రంకు పెట్టె మూత తెరిచి ఉంది. మడతపెట్టిన చీరల మీద పలక పెట్టి ఉంది. సుగుణ మెట్టు మీద కూర్చుని జడకు రిబ్బను తనే చుట్టుకుంటోంది. టీచరును చూడగానే లేచి, సర్దుకుని, పెద్దదాని మాదిరిగా అంది.

"కూచో టీచరమ్మా. మాయమ్మ నీళ్ళు పోసుకుంటాంది, వచ్చేస్తుంది."

తాటాకు తడిక వెనక నుంచి చెంబుతో నీళ్ళు కుమ్మరించుకుంటున్న చప్పుడు వస్తోంది. ఒక చెంబు, ఇంకో చెంబు. సబ్బు రాయి మీద పెట్టిన శబ్దం. మళ్ళీ చెంబు.

సీతారత్నం టీచరు కూర్చుంది. ఇరవై రెండేళ్ళ నుంచి ఆవిడ పిల్లలకు మాటలకు అర్థాలు చెబుతోంది. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. ఇంటర్వెల్లో తను ఆ మాట చెప్పినప్పుడు నవ్విన నవ్వు ఆవిడకే వినిపించింది. లేచి వెళ్ళిపోదామనుకుంది, కానీ పిల్ల ఎదురుగా నిలబడి ఉంది.

ఈశ్వరమ్మ తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి, టీచరును చూసి భయపడింది.

"ఆలస్యంగా పంపిస్తాండానని పేరు తీసేసినారా టీచరమ్మా? ఇంటామె వాళ్ళ గేదెను కడిగినాక గానీ మాకు బోరు ఇయ్యదు. నీళ్ళు పోసుకోకుండా మురికి ఒంటితో బడికాడికొస్తే బాగుండదని ఆగినా. సోమరితనం కాదు."

బడి మీద గౌరవంతో ఆ మనిషి ఆలస్యం చేసింది. టీచరు మూడుసార్లు నోరు తెరిచి మూడుసార్లు మూసింది. నాలుగోసారి చెప్పింది. ఆ మాటకు ఈ ఊళ్ళో అర్థమేమిటో, తను ఎవరెవరికి చెప్పిందో, వాళ్ళు ఏం లెక్క కట్టారో, వరసాగ్గా, ఎప్పటిలాగే ఒక్క అక్షరం మింగకుండా చెప్పింది. ఆవిడ జీవితంలో అంత కష్టపడి ఇచ్చిన సమాచారం ఇంకొకటి లేదు. ఈశ్వరమ్మ వింటూ వింటూ తువ్వాలు ముఖానికి అడ్డం లాక్కుంది. మామిడికాయ ముక్కలు దగ్గరికి వచ్చేసరికి గోడ పట్టుకుంది. పిల్లను రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసింది.

టీచరు ఆ రోజు బడికి ఆలస్యంగా వెళ్ళింది. ముందు రైలు గేటుకు వెళ్ళింది. అప్పుడే గూడ్సు వస్తోంది. పెంచలయ్య పచ్చజెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ బండికి పెట్టెలు ఎన్ని ఉన్నాయో ఆవిడకు ఆ రోజే తెలిసింది. చివరిపెట్టె దాటాక చెప్పింది. రెండు ఊళ్ళ మాటలూ తెలిసిన మనిషి కాబట్టి అతనికి సగంలోనే అర్థమైంది. జెండా చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు.

డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ఈశ్వరమ్మ చాలాసేపటికి గుమ్మంలోకి వచ్చి ఒక్క మాట అంది. తులశమ్మ గారు గోడవతల గేదెకు గడ్డి వేస్తూ ఉంది కాబట్టి ఆ మాట ఊరికి దక్కింది.

"వాళ్ళకు మన మాట తెలీదు, సరే. నీకు నేను తెలుసు గదా."

మధ్యాహ్నం బండికి వచ్చిన అన్నకు పప్పన్నం పెట్టి, ఊరికే చూడాలనిపించి పిలిపించామని చెప్పి, సాయంత్రం బండికి పంపేశారు. పిల్ల పేరు బళ్ళో పడింది కాబట్టి ఇక్కడే చదువుతుందని ఈశ్వరమ్మ తేల్చింది. చీరలు మళ్ళీ దండెం మీదికి వచ్చాయి.

ఇక టీచరు ఊరి మీద పడింది. ఇంటింటికీ వెళ్ళింది. అది కడుపు కాదు, స్నానం అని చెప్పింది. పాల వెంకన్నతో రెండుసార్లు చెప్పింది. అందరూ శ్రద్ధగా విన్నారు, మంచినీళ్ళు ఇచ్చారు. ఆవిడ మెట్లు దిగగానే, పాపం టీచరు గారిది జాలిగుండె, ఆ అమ్మాయి సంసారం నిలబెట్టడానికి ఎంత తిరుగుతున్నారో అనుకున్నారు. అన్నేళ్ళలో ఊరు ఆవిడ మాట నమ్మకపోవడం అదే మొదలు. తులశమ్మ గారయితే ఆ స్థితిలో ఉన్న మనిషిని నిలబెట్టకూడదని, గేదె కంటే ముందు బోరు ఈశ్వరమ్మకే ఇవ్వడం మొదలుపెట్టింది. దాంతో పిల్ల వేళకు బడికి వస్తోంది. కొన్ని నెలలు పోయాక కడుపు కనపడకపోతే ఏమనుకోవాలో కూడా ఊరు ఒక కథ సిద్ధం చేసి పెట్టుకుంది. అది ఇక్కడ రాయదగ్గది కాదు.

ఆషాఢ పున్నంనాడు గురుపూజ. అటుకుల్లో బెల్లం, కొబ్బరి కూడా ఉన్నాయి కాబట్టి ముప్పై మందీ వచ్చారు. టీచరు అందరూ వెళ్ళేదాకా స్తంభం చాటున కూర్చుంది. తరవాత గురువుగారి దగ్గరికి వచ్చి, తల ఎత్తకుండా చెప్పింది. పిల్ల వస్తోంది. వేళకే వస్తోంది. కానీ నోరు విప్పదు. అవునంటే తల ఊపుతుంది, కాదంటే తల ఊపుతుంది. నిన్న అన్నంలోకి ఏం తిన్నావే తల్లీ అని గడ్డం పట్టుకుని అడిగితే, ఒక్కసారి మాట్లాడింది.

"ఏమంది?"

"మాయమ్మ నీకు ఏమీ చెప్పొద్దనింది, అంది గురువుగారూ."

ఆ యాస టీచరు నోట ఉన్నదున్నట్టు వచ్చింది. గురువుగారు ఖాళీ గిన్నె బోర్లించి పక్కన పెట్టారు.

"మీ బడి నుంచి వాళ్ళిల్లు ఎంత దూరమమ్మా?"

"పక్కనే గురువుగారూ. వీధి దాటితే వాళ్ళ సందే."

"ఆ వీధి దాటడానికి నీకు వారం పట్టింది గదా," అన్నారు మంగాచారి గారు. "దూరమే."