ఐసు దిమ్మలో పడిన గుంట

సిలారుకు ఒకటే కోరిక. పోయినవాళ్లకు ఆఖరి స్నానం తానొక్కడే చేయించాలి, పక్కన గురువు లేకుండా. మూడేళ్లుగా బుర్హాన్ షా వెంట తిరుగుతున్నాడు, చెంబులందిస్తున్నాడు. అందుకు గురువు సెలవు మాత్రం దొరకలేదు.

బుర్హాన్ షా అంటే మా రేవులో ఉండే ఫకీరు. దర్గా వెనక పెంకుటిగది, రెండు ఇత్తడి చెంబులు, ఓ కర్పూరం డబ్బా, అంతే ఆస్తి. ఆయనకో పద్ధతి ఉండేది లెండి. తొలి చెంబు పోసేముందు శవం చెవి దగ్గర వంగి, పేరుపెట్టి పిలిచి, "నీళ్లు పోస్తున్నా నాయనా, బెదరకు" అనేవాడు. మొదట్లో సిలారూ పక్కనే వంగి అలాగే అనేవాడు, గొంతు వణుకుతూ. ఈమధ్య మానేశాడు. షా అది చూస్తూనే ఉన్నాడు.

ఆ వేళ పడవ ఇంజన్లు బాగుచేసే ఒకతను పోయాడు. అతని అన్న చేపల వేటకెళ్లాడు. మధ్యాహ్నం సముద్రం పోటెత్తితే గాని పడవ రేవులోకి రాదు. అందాకా చేపల బజారు నుంచి రెండు ఐసు దిమ్మలు తెప్పించి, జతచేసి, మీద గుడ్డ పరిచి ఆ గదిలోనే పడుకోబెట్టారు.

"బాబా, ఇతనితో నలభై ఒక్కరు," అన్నాడు సిలారు. "ఏడాదైంది నా గుండె కదిలి. నిన్నెంత నిబ్బరమో ఇవాళా అంతే. ఇంకా సెలవివ్వరా?"

"ఓహో! పీరు సాహెబువైపోయావన్నమాట!" షా నవ్వాడు. "అయితే ఇతని భుజం పక్కన, ఐసు మీద అరచెయ్యి పెట్టు. ఎలా ఉంది?"

"చల్లగా ఉంది."

"గుర్తుపెట్టుకో."

కాసేపయ్యాక మళ్లీ అక్కడే పెట్టమన్నాడు. ఇంకాసేపటికి మళ్లీ. గదిలో ఉక్క. టప్... టప్... అని ఐసు నీటి చుక్కలు పడుతున్నాయి.

"చలి తగ్గిందా?"

"అంతే ఉంది బాబా."

"ఇప్పుడు?"

"అంతే. ఐసు కదా బాబా, వేడెక్కుతుందా ఎక్కడైనా?"

"నీలాగే, పాపం," అన్నాడు షా.

ఇక్కడో మాట చెప్పాలి. మా హైస్కూలు సైన్సు మాస్టారు అనేవారు, కరిగినంతసేపూ ఐసు ఎంత వేడి పుచ్చుకున్నా దాని చలి మాత్రం మారదని. మరి ఆ వేడంతా ఏమైపోతుందండీ అంటే, "లోపల వరసగా కూర్చున్న రేణువుల్ని చెదరగొడుతుందిరా. ఎంత వేడి లోపలికెళితే అంత చెదురు. దాన్నే ఎంట్రోపీ అంటారు" అని. నాకప్పుడు సగమే బోధపడింది. మిగతా సగం, సిలారు తన నోటితో ఇది చెప్పిన రోజున.

పోటుకు అన్న వచ్చాడు. తమ్ముడి మొహం చూసుకుని బయటికెళ్లి గుమ్మం పక్కన కూలబడ్డాడు. గురుశిష్యులిద్దరూ శవాన్ని బల్లమీదికి మార్చారు. షా ఐసు మీద గుడ్డ లాగేశాడు.

సిలారు ఒకడుగు వెనక్కి వేశాడు.

ఐసులో మనిషున్నాడు. తల దగ్గర గుంట, రెండు భుజాలు, వీపు, కింద రెండు మడమలు. గుంటలో నీళ్లు నిలిచాయి. పెంకు సందుల్లోంచి పడే వెలుగు ఆ నీళ్ల మీద కదులుతుంటే, పడుకున్నవాడు ఊపిరి తీస్తున్నట్టుంది.

భుజం పక్కన ఇంకో గుంట. ఐదు వేళ్లు. ఎవరో ఆ మనిషి భుజం మీద చెయ్యేసి, తీయడం మర్చిపోయినట్టు.

"పెట్టు," అన్నాడు షా.

సిలారు చెయ్యి పెట్టాడు. సరిగ్గా పట్టింది.

"ఎలా ఉంది?"

"అంతే... అంతే ఉంది బాబా."

గొంతు వణికింది.

షా చెంబు అందించాడు. సిలారు బల్ల దగ్గరికెళ్లి శవం చెవి దగ్గర వంగాడు. నోరు తెరిచాడు. పిలవబోయి ఆగాడు.

"బాబా," అన్నాడు తలెత్తకుండా. "ఈయన పేరేమిటి?"

"అన్న గుమ్మంలో ఉన్నాడు. అడుగు."

సిలారు అడిగి వచ్చేసరికి గదిలో షా లేడు. రెండు చెంబులూ నిండుగా ఉన్నాయి.