రాహేలమ్మ గవాక్షం

పల్నాడులోని నల్లరాతిపల్లె చర్చికి చదరపు గంట గోపురం, మొనదేలిన కిటికీలు, బాగా వాలుగా దిగే పైకప్పు ఉన్నాయి. మంచు జారిపోవడానికి ఇంగ్లండు పల్లెల్లో వేసే ఆ వాలు ఈ ఎండల ఊరికి ఎందుకు వచ్చిందని యాత్రికులు అడుగుతుంటారు. దీనిని కట్టించిన మిషనరీ హాల్డెన్ దొర తన సొంత ఊరి చర్చిని జ్ఞాపకం మీద గీసి, రాయికి రాయిగా ఇక్కడ నిలపాలనుకున్నాడు. ఉత్తరపు గోడలో, బలిపీఠం వైపు ఏటవాలుగా తొలిచిన జానెడు సందు కూడా ఆ ఊరి పద్ధతే. దానిని రాహేలమ్మ గవాక్షం అంటారు.

పూర్వం ఇక్కడ ముళ్ల చిల్లచెట్లు, నాపరాళ్లు తప్ప మరేమీ లేవు. ఆ రాళ్లు మోసి, గానుగ సున్నం కలిపినవారిలో రాహేలమ్మ అనే వితంతువు ఒకతె. ఇతరులు పారతో కలిపే సున్నాన్ని ఆమె ఉత్త చేతులతో కలిపేది. చేతులు పొక్కినా ముఖం చిట్లించేది కాదు. సంఘపెద్ద దావీదయ్య ఆ చేతులను అందరికీ చూపించి, భక్తి అంటే ఇదని చెప్పేవాడు. గోపురం పూర్తయ్యేనాటికి ఆమె వేళ్ల కొసలు అరిగిపోయాయి. అది కుష్ఠు అనే పెద్దరోగమని, ఆ చేతులకు స్పర్శ ఏనాడో పోయిందని అప్పుడు తెలిసింది.

ఆమె కోరింది ఒక్కటే. తాను కట్టిన గుడిలో ప్రభువు బల్ల ముందు మోకరించి రొట్టె పుచ్చుకోవాలి. ఆమె లోపల అడుగు పెడితే సగం సంఘం వెళ్లిపోతుందని దావీదయ్య దొరకు చెప్పాడు. దొర భయపడ్డాడు. తన ఊరి చర్చిలో రోగులు బయట నిలబడి బలిపీఠాన్ని చూసేందుకు ఒక సందు ఉండేదని అతనికి గుర్తొచ్చింది. కరుణ చూపుతున్నాననే అనుకుని గోడ తొలిపించాడు.

ప్రభువు రొట్టె పంచే మొదటి సంస్కారపు ఆదివారం దొర ఆ సందులో నుండి రొట్టె అందించబోయాడు. రాహేలమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

“పుచ్చుకో రాహేలమ్మా. నీ కోసమే తొలిపించాను.”

“పడమటి తలుపుకు గడపరాయి మోసింది నేనే గదా దొరగారూ. దోవ నాకు తెలుసు.”

లోపలి నుండి దావీదయ్య అన్నాడు: “కిటికీ పెట్టించినా సణుగుడేనా? రోగం మా అందరికీ అంటించాలనా?”

“నేను కలిపిన సున్నమే నాలుగు గోడలకూ ఉంది దావీదయ్యగారూ. దానికి ఆనుకునే గదా కూర్చున్నారు.”

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆమె కోసం తలుపు తీయడానికి మాత్రం ఎవరూ వెళ్లలేదు.

మూడేళ్లపాటు ప్రతి సంస్కారపు ఆదివారమూ ఆమె వచ్చి, చేయి చాచకుండానే తిరిగి వెళ్లింది. రొట్టె పుచ్చుకోకుండానే చనిపోయింది. అప్పుడు ఆమెను పడమటి తలుపు గుండానే లోపలికి తెచ్చారు. శవపెట్టె మూతకు మేకులు కొట్టి ఉన్నందున ఎవరూ అభ్యంతరం చెప్పలేదని మా నాయనమ్మ చెప్పేది.

దొర స్వదేశానికి పోతూ రాసిపెట్టిన మాట ప్రకారం, నేటికీ గురువుగారు మొదటి రొట్టెను ఆ సందులో నుండి బయటికి పట్టుకుని, ఒక కీర్తన పాడేంతసేపు నిలుస్తారు. ఆ తరువాతే సంఘానికి పంచుతారు. గోడ బయట నిలబడి ఆ రొట్టె అందుకున్నవారి రోగం తీరి, ఇంటికి మేలు కలుగుతుందని చుట్టుపక్కల గ్రామాల నమ్మకం. ఎక్కడెక్కడి నుండో రోగులు వస్తారు, లోపలికి వచ్చి కూర్చుంటారు. ఇన్నేళ్లలో ఒక్కరూ ఆ గోడ బయట నిలబడలేదు. నిలబడితే తమకు లోపల చోటు లేదని తామే ఒప్పుకున్నట్టవుతుంది.