ఓబులక్క తేల్చని మంద

కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలం. ఆ కాలాన ఒక మెట్టపల్లెలో ఓబులక్క అనే ముసలామె ఉండేది. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టలను తోలి పొట్ట పోసుకునేది.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. అప్పుడు కొండ దిగి ఒక మంద వచ్చింది. పెద్ద పెద్ద జంతువులు. అవేమిటో ఊళ్లో ఎవరికీ అంతు చిక్కలేదు.

పశువుల కాపరి తోక చూసి, ఆవులే, మొక్కాలన్నాడు. వేటగాడు కొమ్ములు చూసి, జింకలే, కొట్టి పంచుకుందామన్నాడు. బండి తోలేవాడు మెడ మీది జూలు చూసి, గుర్రాలే, పట్టి కట్టేద్దామన్నాడు. మాటా మాటా పెరిగి కర్రలు లేచాయి.

మంచె మీదనుంచి రోజూ మందను చూసేది ఓబులక్కే కాబట్టి ఆమె మాటే ఖాయం అన్నాడు ఊరిపెద్ద నాగప్ప. తేలేదాకా ఎవరూ చెయ్యి వెయ్యొద్దన్నాడు. ఆమెతో మాత్రం మెల్లగా అన్నాడు.

"నింపాదిగా చూసి చెప్పు ఓబులక్కా. ఆవును జింకంటే ఆ పాపం నీదే."

ఓబులక్క పోయి చూసింది. తోక చూస్తే ఆవు. కొమ్ములు చూస్తే జింక. జూలు చూస్తే గుర్రం. తిరిగొచ్చి, "తెలియలేదయ్యా, మళ్లీ చూస్తా" అంది.

మళ్లీ పోయింది. ఈసారి చూస్తే సగం వాటికి కొమ్ములే లేవు. తెలిసిన కాస్తా తెలియకుండా పోయింది. "తెలియలేదయ్యా, మళ్లీ చూస్తా" అంది.

మూడోసారి పోయేసరికి ఎండిన వాగులో ఒక తల్లి తడి ఇసుకను నాకుతోంది. పక్కన రెండు పిల్లలు. ఓబులక్క ఆలోచిస్తూనే చేతులతో చెలమ తోడింది. నీళ్లూరాయి. పిల్లలు తాగాయి. తల్లి ఆమె పక్కనే వంగి తాగింది. అంత దగ్గరగా చూసినా ఏమీ తేలక ఓబులక్కకు ఏడుపొచ్చింది.

"నువ్వెవరమ్మా? చెబితే నా బరువు దిగుతుంది కదా."

అది నీళ్లు తాగుతూనే ఉంది.

"తెలియలేదయ్యా, మళ్లీ చూస్తా" అని ఊళ్లో చెప్పింది. వేటగాడు గొణుక్కుంటూ విల్లు దించాడు.

వానలొచ్చాయి. ఏళ్లు గడిచాయి. ఓబులక్క పోతూనే ఉంది, చూస్తూనే ఉంది. చివరికి మంచాన పడింది. తల నెరిసిన వేటగాడు పక్కన కూర్చుని, ఇప్పటికైనా అవేమిటో చెప్పమని అడిగాడు.

"రేపొకసారి చూసొస్తా నాయనా" అంది. తెల్లవారేసరికి ఊపిరి లేదు.

వేరే ఊళ్లవాళ్లు ఆ జంతువులను మనుబోతులంటారు. ఆ పల్లెలో మాత్రం ఏ పేరూ పెట్టరు, ఎవరూ కొట్టరు. ఎండాకాలం వస్తే ఇంటికొకరు పోయి వాగులో చెలమ తోడతారు. దారినపోయేవాళ్లు ఆగి, ఇక్కడ తాగేవి ఏ జంతువులని అడుగుతారు.

"ఓబులక్క చూడ్డానికి పోయింది. రానీ, చెబుతాం" అంటారు.