గాలంటే భయపడ్డ పేరంటాలు

అనగనగా గోదారి పాయ ఒడ్డున ఒక ఊళ్ళో పేరంటాలని ఒక మామ్మ ఉండేది. దుప్పటి గడ్డం దాకా లాక్కో, చెబుతాను. ఆవిడ పూతరేకులు చేసేది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వచ్చేది. నువ్వు ఊదితే ఎగిరిపోతుంది, అంత పలచన.

అందుకని ఆవిడకి లోకంలో ఒక్కటే భయం. గాలి. గాలి తగిలితే మంట పక్కకి వాలుతుంది, రేకు చిరుగుతుంది. కాపరానికొచ్చిన మర్నాడే వాళ్ళత్తగారు చెప్పిందట, రేకులు చేసే ఇంట్లో కిటికీ తియ్యకూడదని. నలభై ఏళ్ళు తియ్యలేదు. కిటికీలకి గోనెపట్టాలు కట్టింది. చూరు కింద కన్నాలకి కొబ్బరి పీచు కుక్కింది. చేసిన రేకులు డబ్బాల్లో పెట్టి అటక మీద దాచింది.

మరి కుండ మీద లేచిన ఆవిరి ఏమవుతుంది? పైకి పోయి పెంకుల కింద కూర్చుంది. బయటికి దారి లేదుగా. అటకంతా బూజు పట్టింది. సాలీడు కట్టే బూజు కాదురా కన్నా, పాత రొట్టె మీద నల్లగా నూగులా పడుతుందే, అది.

పేరంటాలు మనవరాలు కీర్తన ఆరేళ్ళది. సరిగ్గా ఆ అటక కిందే పడుకునేది. ముసురు మొదలవగానే దానికి దగ్గు పట్టుకుంది. ఊపిరి తీస్తుంటే గుండెల్లో పిల్లికూతలు. పేరంటాలు పక్కనే కూర్చుని ఒక్కో దగ్గూ లెక్కపెట్టేది. ఆవిడకి అన్నం సయించేది కాదు.

అప్పుడు మొదట తలుపులన్నీ మూసి సాంబ్రాణి పొగ వేసింది. పిల్లకి దగ్గు ఇంకా ఎక్కువైంది. ఆ తర్వాత అటకకి సున్నం వేయించింది. పది రోజులకి సున్నంలోంచి నల్లమచ్చలు పైకొచ్చాయి. ఆ తర్వాత తడి పైనుంచే వస్తోందనుకుని పెంకుల మీద పెద్ద టార్పాలిను బరకం కప్పించింది. ఉన్న కాస్త సందూ పోయింది. డబ్బా మూత తీస్తే రేకులకీ చుక్కలు.

అప్పుడు కోడలు దేవి పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ మందు రాసింది. రాసి, ఆ బూజు పోయేదాకా పిల్లని ఆ ఇంట్లో పడుకోబెట్టొద్దంది. దేవి ఏడుస్తూనే సంచి సర్దింది. వచ్చే ఆదివారం బస్సుకి కీర్తనని తునిలో పెద్దమ్మ ఇంటికి పంపెయ్యాలి. కీర్తన తన బొమ్మని సంచిలోంచి తీసి మళ్ళీ చాప మీద పెట్టుకుంది. అది చూసి పేరంటాలు పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కుంది, కడిగిన మొహమే మళ్ళీ కడుక్కుంది.

ఆ ఊళ్ళో గంగాభవాని అని ఒకమ్మాయి ఉంది. ఇళ్ళకి సోలారు దీపాలు బిగిస్తుంది. పేరంటాలు ఆ పిల్లని పిలిపించింది. గంగ ముక్కుకి గుడ్డ కట్టుకుని అటకెక్కి చూసి దిగింది. పగిలిన పెంకులు రెండు మార్పించింది. బరకం తీయించింది. పిల్లని పక్కింటికి పంపి, బూజంతా సబ్బునీళ్ళతో తుడిపించి ఆరబెట్టించింది. ఆ తర్వాత పెంకులు కలిసే ఇంటి కొప్పు దగ్గర చిన్న ఫ్యాను బిగించి, పెంకుల మీద సోలారు పలక పెట్టింది. ఎండ తగిలితే ఫ్యాను తిరుగుతుంది, అటక మీది తడిగాలిని బయటికి లాగేస్తుంది. చూరు కింద నాలుగు కన్నాల్లో పీచు తీసి వల కొట్టింది. వాటిని మటుకు ముయ్యొద్దని రెండుసార్లు చెప్పి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్న పేరంటాలు కుండ దగ్గర కూర్చుంది. చల్లగా గాలి తగిలింది. మంట వాలింది. మొదటి రేకు చిరిగింది. రెండో రేకు చిరిగింది. మూడో రేకు ఎగిరి బూడిదలో పడింది. ఇంక ఆవిడ ఆగలేకపోయింది. చుట్టూ చూసి, నాలుగు కన్నాల్లోనూ మళ్ళీ పీచు కుక్కేసింది. పైన ఫ్యాను తిరుగుతోందిగా, చాల్లే అనుకుంది.

ఫ్యాను తిరిగింది. కానీ దానికి కన్నాల గాలి అందక, అటక మెట్ల దారిన పొయ్యి దగ్గరి ఆవిరంతా పైకి లాక్కుంది. రెండు రోజులకి అటక మళ్ళీ చెమ్మగిల్లింది. శుక్రవారం, పక్కింటి నుంచి ఇంటికొచ్చేసిన కీర్తన దగ్గీ దగ్గీ ఉన్నచోటే కూలబడింది. పేరంటాలు గంగకి కబురంపింది.

గంగ పరుగున వచ్చింది. అటకెక్కింది, కన్నాలు చూసింది. కోప్పడలేదు. ఒక రేకు ఇమ్మని అడిగి, దాన్ని కన్నం ముందు రెండు వేళ్ళతో పట్టుకుంది. రేకు కదల్లేదు. అప్పుడు పీచు లాగేసింది. రేకు వణికి, లోపలి వైపు వాలి, నిలబడింది.

"చూశారా పిన్నిగారూ, ఇది మీ రేకు చింపే గాలి మటుకే కాదు. మీ పిల్ల పీల్చే గాలి."

పేరంటాలు చాలాసేపు ఆ రేకునే చూసింది. నలభై ఏళ్ళలో గాలిని కళ్ళతో చూడటం ఆవిడకదే మొదటిసారి.

"నా చేత్తోనే కుక్కానే అమ్మాయ్," అంది.

తన చేత్తోనే మిగతా మూడూ తీసింది. కుండనీ పొయ్యినీ వసారాలోకి మార్చి, చుట్టూ మూడు తాటాకు తడికలు నిలబెట్టింది. గాలి కుండకి తగలదు, ఆవిరి ఇంట్లోకి రాదు. కిటికీల గోనెపట్టాలు దేవి విప్పేసింది. అటక మళ్ళీ తుడిచి ఆరబెట్టారు. పిల్లని ఇంకో రెండు వారాలు పక్కింట్లోనే పడుకోబెట్టుకుంటామని డాక్టరమ్మని బతిమాలారు. ఆవిడ సరేనంది. సంచి మటుకు విప్పలేదు, మేకుకి వేలాడుతూనే ఉంది.

ఆ రెండు వారాలూ పేరంటాలు మబ్బుల్నే చూసేది. మబ్బు పడితే ఫ్యాను ఆగేది. అప్పుడు ఆవిడ కన్నం దగ్గర తను దారంతో కట్టుకున్న రేకు వైపు చూసేది. ఫ్యాను ఆగినా రేకు కొంచెం కొంచెం ఊగుతూనే ఉండేది. ఊగుతోందా మామ్మా అని కీర్తన గుమ్మంలోంచి అడిగేది. ఊగుతోందమ్మా అనేది.

ఆ తర్వాత డాక్టరమ్మ గొట్టం పెట్టి కీర్తన గుండెలు విన్నది. అటు విన్నది, ఇటు విన్నది. పిల్లికూతలు లేవంది. ఇంటికొచ్చి దేవి మేకు మీంచి సంచి దింపింది. కీర్తన గబగబా బొమ్మని తీసుకెళ్ళి అటక కింద తన చాప మీద పడుకోబెట్టింది. పేరంటాలు పక్కన కూర్చుని చెవులు రిక్కించింది. ఒక్క దగ్గూ రాలేదు. లెక్కపెట్టడానికి ఏమీ లేక ఆవిడే ముందు నిద్రపోయింది.

ఎండొస్తే ఫ్యాను తిరిగింది,
మబ్బొస్తే రేకు ఊగింది,
బూజు బయటికి పోయింది,
బుజ్జాయి ఇంట్లోనే ఉంది.
కథ కంచి బస్సెక్కింది,
మన కళ్ళకి నిద్దరొచ్చింది.