మలుపమ్మ పైకెక్కని కథ

కొండదారి సగం ఎక్కగానే వచ్చే మలుపులో మలుపమ్మవారు కొలువై ఉన్నారు. శిఖరంపై గోపురం చూసి ఆయాసపడుతూ పరుగెత్తే భక్తులకు మనవి: ఆ గుడిలో అమ్మవారు లేరు. కోతులున్నాయి. ఏ భాషలో బతిమాలినా అవి కొబ్బరిచిప్ప తిరిగి ఇవ్వవు.

పూర్వం ఇక్కడ తిమ్మభూపతి అనే పాలెగాడు ఉండేవాడు. కొండ చుట్టూ తెలుగు, కన్నడ, తమిళ పల్లెలు. "సీమ ఒక్కటిగా ఉండాలంటే జనం నోట ఒకే భాష ఉండాలి" అని ఆయన పట్టుదల. అమ్మవారి శిలను పైగుడికి చేర్చే బండిని ఆస్థాన సంస్కృతంలోనే కేకవేసి లాగాలనీ, మీరినవారి నాలుక కోయిస్తాననీ చాటింపు వేయించాడు.

పల్లెకో తాడు పట్టించారు. పండితుడు బండెక్కి, లాగండని చెప్పడానికి "ఆకర్షత!" అన్నాడు. ఒక పల్లె లాగింది, ఒక పల్లె ఆగింది, మూడో పల్లె భక్తిగా దండం పెట్టింది. మలుపు దగ్గర బండి వెనక్కి జారింది. చక్రాల వెనుక అడ్డుకట్టెలు వేసే బొమ్మయ్య బండికీ బండరాయికీ మధ్య చిక్కుకున్నాడు.

అతని భార్య హొన్నమ్మ కన్నడ పల్లె ఆడపడుచు. సంతల్లో తిరిగి మూడు భాషలూ నేర్చిన గొంతు ఆమెది. తాడందుకుని "ఎళీరో! ఐలేసా! ఇళుంగడా!" అని ఏ పల్లెకు ఆ పల్లె భాషలో లాగమని అరిచింది. మూడు తాళ్లూ ఒక్కసారే బిగిశాయి. బండి నిలిచింది, బొమ్మయ్య బతికాడు.

"ఆజ్ఞ మీరావు" అన్నాడు పాలెగాడు.

"మీరాను సామీ. కోయించండి. కానీ బండి పైకెక్కాలంటే ఈ నాలుకే కావాలి. పండితులవారి కేకకు అది కిందికే నడుస్తోంది."

జనం నవ్వు ఆపుకోలేకపోయారు. పాలెగాడు మీసం సర్దుకుని, "సరే. అమ్మవారు పైకి చేరాకే శిక్ష" అన్నాడు.

ఆ మధ్యాహ్నం కునుకులో ఆయనకు అమ్మవారు కనిపించింది. "నేను పైకి చేరితే నా బిడ్డ నాలుక పోతుంది. అందుకే ఇక్కడి నుంచి కదలను. నీ గుడి నువ్వే ఉంచుకో" అంది. ఏ భాషలో అందో ఆయన ఎవరికీ చెప్పలేదు. లేచి చూస్తే శిల మలుపులో నాటుకుని ఉంది. చాటింపు ఆనాడే రద్దయింది; వాయిదా పడ్డ శిక్ష మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

నేటికీ జాతరలో మూడు పల్లెలవారూ మూడు తాళ్లు పట్టి, ఎవరికి వారు పొరుగుపల్లె భాషలో కేకవేస్తూ ఉత్సవబండిని లాగుతారు. ఉచ్చారణ తప్పితే నవ్వులు ఉచితం. ఆ తాడు తాకితే అన్నదమ్ముల తగవులు తీరతాయని, మాట రాని బిడ్డలకు మాట వస్తుందని నమ్మకం. కుర్రకారు ఉత్సాహపడి బండిని శిఖరం దాకా లాగబోతే, పెద్దలు మలుపులోనే అడ్డుకట్టె వేస్తారు:

"ఆగండ్రా! హొన్నమ్మ శిక్ష ఇంకా రద్దు కాలేదు!"