తెర వెనక ఎవరో

జయచంద్రకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. నంద్యాలలో అతనిదొక చిన్న కంప్యూటర్ కంపెనీ. జిల్లాలోని క్షయ రోగుల పేర్లు, చిరునామాలు, వాడే మందులు, అన్నీ ప్రభుత్వం తరఫున భద్రపరిచే కాంట్రాక్టు దానిది. ఎవరో దొంగదారిన ఆ కంప్యూటర్లలోకి చొరబడ్డారు. అలాంటిది తెలిస్తే ఆ రోజే ఆరోగ్య శాఖకు చెప్పాలని ఒప్పందంలో ఉంది, చట్టమూ అదే అంటోంది. చెబితే కాంట్రాక్టు ఊడేటట్టుంది. దాన్నే నమ్ముకున్న కుర్రాళ్ల ఉద్యోగాలూ పోతాయి.

ఎటూ తేల్చుకోలేక ఊరి బయట దర్గాలో ఉండే నూరుల్లా బాబా దగ్గరికి వెళ్లాడు. కష్టమొస్తే అతనికి గుర్తొచ్చేది ఆయనే. సుఖంగా ఉన్నప్పుడు కూడా ఒకసారి రావచ్చు కదా అని బాబా ఎప్పుడూ ఆట పట్టిస్తుంటారు. ఈసారి మొహం చూసి ఆ మాట అనలేదు.

"ఏమీ పోలేదు బాబా, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి" అన్నాడు జయచంద్ర, జరిగిందంతా చెప్పి. "ఎవరు చూసిందీ, ఏం చూసిందీ పూర్తిగా తేలినాక చెప్తే చాలదా? ఇప్పుడే చెప్పి ఆ రోగులను భయపెట్టేదెందుకు?"

బాబా సీతాఫలం విప్పి సగం అతని చేతిలో పెట్టారు. లేచి, వెనకున్న పచ్చ తెరను పక్కకు లాగారు. అక్కడొక చాప పరిచి ఉంది.

"పోయిన గురువారం, మళ్లీ తాగుతున్నానని నా దగ్గర ఏడ్చినావే బేటా, అప్పుడు ఇక్కడ ఎవరో ఉన్నారంట."

జయచంద్ర చేతిలోని పండు జారి కింద పడింది.

"ఎవరు బాబా?"

"తెలీదు. పూర్తిగా తెలిసినాక చెబుదామనుకున్నా."

"మీకెప్పుడు తెలిసింది?"

"ఆదివారం. నీదేమీ పోలేదు కదా, ఊరికే భయపడతావని ఊరుకున్నా."

"ఆదివారమే చెప్పుంటే నా భార్యకు నేనే చెప్పుకునేవాణ్ణి కదా బాబా! ఇంకొకరి నోట వింటే ఆమె గతేం కావాల?"

అనేసి, చటుక్కున లేచాడు. వరండాలోకి వెళ్లి శాఖ అధికారికి ఫోన్ చేశాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు, రెండు రోజులు దాచిన సంగతితో సహా. తిరిగొచ్చేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

"కాంట్రాక్టు ఉంటుందో లేదో తెలీదు బాబా."

బాబా అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని వీపు నిమిరారు. అతనంటే ఆయనకు ప్రాణం.

"తెర వెనక ఎవరూ లేరు బేటా. ఆ చాప నాదే, మధ్యాహ్నం నడుం వాలుస్తుంటా. నీతో అబద్ధమాడినా, క్షమించు."

జయచంద్రకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. హమ్మయ్య అనుకుంటూ ఫోన్ జేబులో పెట్టుకోబోయాడు.

బాబా మెల్లగా అతని చెయ్యి పట్టుకున్నారు.

"ఇంటికి కూడా ఫోన్ చేసి, అప్పుడు పెట్టుకో నాయనా."