విప్పని పట్టీ

వీరవేణికి గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేసి మూడేళ్ళయింది. నడుముకి బెల్టు ఆరు వారాలు పెట్టుకోమన్నారు. మా మనిషి ఇంకా విప్పలేదు. చెంబెడు నీళ్ళు ఎత్తదు, వంగదు, నీడ దాటి బయటికి రాదు. ఇంత భయస్తురాలిని నేనెక్కడా చూళ్ళేదు. ఒకప్పుడు మా ఆశ్రమం తోటలో మామిడి అంట్లన్నీ కట్టింది ఈవిడేనంటే ఎవరూ నమ్మరు.

మొన్న పరీక్ష చేసి ఎముకలు పలచబడుతున్నాయన్నారట. ఆ కాగితం పట్టుకొచ్చి అచ్యుతాంబ గారి ముందు కూలబడింది. ఆశ్రమంలో అందరికీ గురువు ఆవిడే. మేం అమ్మగారంటాం.

“బెల్టు తీసేసి పొద్దుటెండలో నడవమంటన్నారండి డాక్టరమ్మ. పాలు, రాగిజావ తాగాలంట, కొద్దికొద్దిగా బరువులెత్తాలంట. తాగడం తాగుతానండి. బెల్టు విప్పితే లోపలున్నదంతా జారిపోద్దేమోనని గుండె దడ. విప్పకపోతే ఎముకలిరుగుతాయేమోనని నిద్ర లేదు. నన్నేం చెయ్యమంటారండి?”

అమ్మగారు లేచి తోట వెనక్కి నడిచారు. వీరవేణి గోడ పట్టుకుని మెల్లగా వెంట వెళ్ళింది. చివరి వరసలో ఒక మామిడి అంటు దగ్గర ఆగారు.

“ఇదెవరు కట్టేరు?”

“నేనేనండి. ఆపరేషన్‌కి ముందు రోజు.”

దగ్గరికెళ్ళి చూసి నెత్తి కొట్టుకుంది. అతుకు చుట్టూ తను చుట్టిన ప్లాస్టిక్ పట్టీ అలాగే ఉంది. కిందా పైనా కాండం లావెక్కింది. పట్టీ ఉన్నచోట మాత్రం బెరడు కోసుకుపోయి వేలంత సన్నగా ఉంది.

“మూణ్ణెల్లకి కోసెయ్యాలి కదండీ దీన్ని. అతుక్కున్నాక ఇంకెందుకు?”

అమ్మగారు చాకు అందించారు. వీరవేణి వంగి పట్టీ కోసింది. మూడేళ్ళలో ఆవిడ వంగడం అదే మొదలు. మొక్క కాస్త పక్కకి వాలింది.

“కర్ర పాతమంటావా?”

“వద్దండి. కర్ర పెడితే దాని మీదే ఆనుకుని ఉండిపోద్ది. గాలికి ఊగనివ్వాలి. ఊగితేనే మొదలు గట్టిపడుద్ది...” అంటూ ఆగిపోయింది.

చెయ్యి తన నడుము బెల్టు మీదికి పోయింది. తరవాత కొంగు చాటున బెల్టు విప్పి గోడ మీద పెట్టింది. ఒక చెయ్యి పొట్ట మీద వేసుకుని, రెండో చేత్తో పక్కనున్న తొట్టిలోంచి చెంబెడు నీళ్ళు ఎత్తి మొక్కకి పోసింది. సగం నీళ్ళు పాదాల మీదే ఒలికాయి.

“భయంగా ఉందమ్మగారూ.”

“ఉండనీ. రేపు కూడా ఈ వేళకే వచ్చి నీళ్ళు పొయ్యి.”